వేసవికి మేత దాచుకోవడం ఎలా: పిల్లిపెసర ఎండుగడ్డి, వరిగడ్డి వామి

కృష్ణా డెల్టాలో రెండు మూడెకరాల మాగాణి, పాకలో రెండు మూడు గేదెలు ఉన్న ఇంటికి మేత కష్టం మార్చిలో మొదలవుతుంది. గట్ల మీద గడ్డి ఎండిపోతుంది. కాలువలకు నీళ్ళు ఆగిపోతాయి. ఇక మిగిలేది వరిగడ్డే. దాంతో కడుపు నిండుతుంది గానీ పాలు నిలవవు, ఎందుకంటే వరిగడ్డిలో మాంసకృత్తులు మూడు నాలుగు శాతానికి మించవు. ఆ లోటంతా కొన్న దాణాతో పూడ్చాలంటే పాల డబ్బులు దాణా కొట్టుకే సరిపోతాయి.

దీనికి మన పెద్దవాళ్ళ దగ్గర ఉన్న ఉపాయం, వరి కోతకు ముందు చేలో పిల్లిపెసర అనే పప్పుజాతి మేతను చల్లి, పూతకొచ్చాక కోసి, ఎండబెట్టి, వరిగడ్డితో కలిపి వామి (గడ్డివాము) వేయడం. చాలామంది చల్లడం వరకు బాగానే చేస్తున్నారు. తేడా వచ్చేది కోతకు, వామికి మధ్య ఉండే మూడు నాలుగు రోజుల్లోనే. పప్పుజాతి మేతలో బలమంతా ఆకులో ఉంటుంది. ఆ ఆకు ఎండలో పొడై చేలో రాలిపోతే మీరు ఇంటికి తెచ్చేది ఒట్టి పుల్లలు. కాబట్టి ఇక్కడ చెప్పే పద్ధతి అంతా ఆకు రాలకుండా కాడను ఎండబెట్టడం గురించే.

ముందు లెక్క వేసుకోండి

పాలిచ్చే గేదెకు రోజుకు ఐదారు కిలోల ఎండుమేత వేస్తారు. ఏడాదికి ఒక్కో గేదెకు రెండు టన్నులు. ఎకరాకు 28 బస్తాల ధాన్యం పండితే, అంటే 75 కిలోల బస్తా చొప్పున సుమారు 21 క్వింటాళ్ళు, గడ్డి కూడా దాదాపు అంతే బరువు ఉంటుంది. అది కూడా చేత్తో నేలకు కోస్తేనే. కోత మిషన్ దుబ్బును జానెడు వదిలేస్తుంది కాబట్టి చేతికొచ్చేది తగ్గుతుంది. పక్షులు, ఎలుకలు, వాన, పాకలో తొక్కుడు కలిపి పదో వంతు పోతుందని కూడా అనుకోండి. ఎకరం గడ్డి ఒక గేదెకు ఏడాది అనే పాత లెక్క మిషన్ రోజుల్లో కాస్త బిగువే. తక్కువ పడేది సంక్రాంతిలోపు కొనేయండి. మే నెలలో కొనాలంటే అమ్మేవాడు చెప్పిందే ధర.

పిల్లిపెసర లెక్క వేరు. పచ్చిమేతలో ఐదింట నాలుగు వంతులు నీళ్ళే. పది కిలోలు పచ్చిది ఎండాక రెండుంపావు, రెండున్నర కిలోల మధ్యకు వస్తుంది. ఎకరం మీద మూడు టన్నుల పచ్చిమేత వస్తే ఎండింది ఏడు వందల కిలోలు. మూడు గేదెలకు రోజుకు తలా రెండు కిలోలు వేస్తే దాదాపు నాలుగు నెలలు, అంటే మార్చి నుంచి జూన్ దాకా సరిపోతుంది. మీకు అంతకంటే అక్కర్లేదు, మిగతా చేలో మినుము వేసుకోండి.

చల్లడం

ఎకరాకు పది కిలోల విత్తనం. చేతికోత అయితే కోతకు మూడు నాలుగు రోజుల ముందు, నేల పదునుగా ఉన్నప్పుడు, నిలబడి ఉన్న వరిలో చల్లుతారు. కాలు వేస్తే కొంచెం దిగబడాలి, నీళ్ళు మాత్రం నిలవకూడదు. మిషన్ కోత అయితే మరీ ముందు చల్లకండి. మొలక వచ్చాక చైన్ కింద పడితే ఆ బారంతా పోతుంది. మిషన్ దిగే రోజు పొద్దున చల్లితే చాలు. మిషన్ వదిలిన గడ్డి వరసలను వీలైనంత త్వరగా ఎత్తేయండి, లేకపోతే వాటి కింద మొలిచింది పాలిపోయి చచ్చిపోతుంది.

జనుము కూడా ఇలాగే చల్లుతారు. ఎక్కువ మేత వస్తుంది, త్వరగా పెరుగుతుంది. అయినా పాడి గేదెలకు నా ఓటు పిల్లిపెసరకే. జనుము కాడ ముదిరితే నారలా గట్టిపడుతుంది, పైగా దాని గింజల్లో కాలేయాన్ని దెబ్బతీసే విషపదార్థాలు ఉంటాయి. జనుమే వేస్తానంటే పూత మొదలైనప్పుడే కోసేయండి, కాయ పట్టనివ్వకండి, వరిగడ్డిలో కొద్దిగా కలిపి మాత్రమే వేయండి.

ఎప్పుడు కోయాలి

చేలో సగం మొక్కలు పూతకొచ్చినప్పుడు. డిసెంబరు మొదట్లో చల్లింది ఫిబ్రవరి మొదటికి ఆ స్థితికి వస్తుంది. ఇంకో పదిహేను రోజులు ఉంచితే మోపు పెరుగుతుంది కదా అని అందరికీ అనిపిస్తుంది. మోపు పెరుగుతుంది నిజమే, కింది ఆకు పండి రాలిపోతుంది, కాడ గట్టిపడుతుంది. గేదె ఆ కాడను గాడిలోనే వదిలేస్తుంది. విత్తనం కావాలంటే ఒక మడి విడిగా ఉంచుకోండి. ఒకే చేలో విత్తనమూ మేతా రెండూ సరిగ్గా రావు.

ఫిబ్రవరిలో డెల్టాకు వాన భయం తక్కువ గానీ మంచు ఉంటుంది. వాతావరణ శాఖ సూచన చూసుకుని వరసగా నాలుగు పొడి రోజులు దొరికినప్పుడు కొడవలి పట్టండి. మొత్తం చేను ఒకేసారి కోయకండి. ఇంట్లో మనుషులు ఒక రోజులో తిరగేసి కుప్ప చేయగలిగినంతే కోయాలి. ఇద్దరు మనుషులైతే పాతిక సెంట్లు చాలు.

మూడు రోజుల పని

మొదటి రోజు మంచు ఆరాక, తొమ్మిది దాటాక కోత మొదలుపెట్టండి. తడి మీద కోస్తే ఆ తడి ఆరడానికే ఒక పూట పోతుంది. నేలకు రెండు మూడు వేళ్ళ ఎత్తు వదిలి కోయండి, మట్టి అంటదు. కోసింది కోసినట్టే పలచగా పరచండి. కోసిన మొక్క కూడా కొంతసేపు ఊపిరి పీలుస్తూ తనలోని చక్కెరను ఖర్చు పెడుతూనే ఉంటుంది, కాబట్టి మొదటి పూట ఎంత వేగంగా వడిలితే అంత మంచిది. ఎండకు భయపడాల్సింది ఆ తర్వాత. ఒంటిగంటకు ఒకసారి తిరగేయండి. నాలుగు లోపు నడుము ఎత్తు కుప్పలుగా, వదులుగా, నొక్కకుండా పోగు చేయండి. రాత్రి మంచు కుప్ప పైభాగం మీదే పడుతుంది, లోపలిది తడవదు.

రెండో రోజు మళ్ళీ మంచు ఆరాక కుప్పలు విప్పి పరచండి. ఇవాళ ఒక్కసారే తిరగేయాలి, అదీ పదిన్నరలోపు. మధ్యాహ్నానికి ఆకు గలగలమంటుంది. అప్పుడు పంగలకర్రతో ఎగరేస్తే సగం ఆకు నేల పాలే. పన్నెండు దాటాక ముట్టుకోకండి. సాయంత్రం గాలిలో కాస్త చెమ్మ వచ్చి ఆకు మెత్తబడ్డాక మళ్ళీ కుప్ప చేయండి.

మూడో రోజు నుంచి పరచడం ఆపేయండి. కుప్పల్లోనే ఎండాలి. పొద్దున ఒకసారి కుప్పను కిందిది పైకి వచ్చేలా తలకిందులు చేస్తే చాలు. నీడలో, గాలికి ఆరిన మేత పచ్చదనం పోకుండా ఉంటుంది. ఆ పచ్చదనం ఉన్నంత వరకే విటమిన్ ‘ఎ’కు మూలమైన కెరోటిన్ ఉంటుంది. ఎండలో రోజుల తరబడి పడేస్తే తెల్లగా పాలిపోతుంది, చూడ్డానికి బాగా ఎండినట్టే ఉంటుంది గానీ అందులో పస తగ్గిపోతుంది.

చేలో చెమ్మ ఆరకపోతే మూడు వెదురు కర్రలను పైన కలిపి కట్టి, కాళ్ళు విడదీసి నిలబెట్టండి. మధ్యలో అడ్డకర్రలు కట్టి, వడిలిన మేతను దాని మీద చుట్టూ కప్పండి. లోపల ఖాళీ ఉంటుంది కాబట్టి గాలి ఆడుతుంది. నేల తడి అంటదు. కంచె మీద, పాక చూరు మీద వేసినా ఇదే పని జరుగుతుంది. వెదురు కొనేముందు ఇంట్లో పాత మంచం, నిచ్చెన లాంటివి చూసుకోండి, గాలి ఆడితే ఏదైనా పనికొస్తుంది.

మధ్యలో జల్లు పడితే టెన్షన్ పడి తడి మేతను ఇంటికి చేర్చకండి. కుప్పల మీద పట్టా కప్పి, వాన ఆగగానే తీసేసి, పైపొరను మాత్రం విడిగా ఆరబెట్టండి. నల్లబడి వాసన వచ్చిన మేతను పెంటకుప్పలో వేయండి, గేదెకు పెట్టొద్దు.

ఎండిందో లేదో తేల్చుకోవడం

ఎండుమేతలో తడి పదిహేను శాతానికి మించకూడదు. ఇరవై దాటితే బూజు, పాతిక దాటితే వామి లోపల కాగడం మొదలవుతుంది. చేతికి తెలిసే పద్ధతి: గుప్పెడు తీసుకుని గుడ్డ పిండినట్టు రెండుమూడు మెలికలు తిప్పండి. కాడలు పటుక్కున విరగాలి. వంగి నలిగితే ఇంకా ఒక రోజు కావాలి. ఆకును చూసి మోసపోవద్దు, ఆకు ముందే ఎండుతుంది. కాడ కణుపు దగ్గర గోరుతో గీరి చూడండి. తడి పొర ఊడొస్తే ఆగండి.

ఇంకో పద్ధతి ఉప్పుది. మూతున్న గాజు సీసాలో సగం వరకు తుంచిన మేత వేసి, పెనం మీద వేయించి చల్లార్చిన ఉప్పు నాలుగు చెంచాలు కలిపి, కాసేపు గట్టిగా కుదపండి. ఉప్పు పొడిపొడిగా రాలితే మేత సిద్ధం. గడ్డకట్టి ఆకుకు, సీసాకు అంటుకుంటే తడి ఉంది. స్ప్రింగ్ కాటా ఉన్నవాళ్ళు మొదటి రోజే పది కిలోల మోపు ఒకటి పక్కకు కట్టి, మిగతా మేతతోపాటే ఎండబెట్టి తూచవచ్చు. రెండుంపావు కిలోల దగ్గరకు వచ్చిందంటే దించుకోవచ్చు.

ఇంటికి మోసేది మాత్రం పొద్దున్నే, మంచు పలచగా ఆరుతున్న వేళ. ఆకు మెత్తగా ఉండి రాలదు. చేలోనుంచి బండి ఎక్కించే చోట పట్టా పరిస్తే రాలిన ఆకు కూడా దక్కుతుంది. దాన్ని విడిగా సంచిలో పోసి దూడలకు ఉంచండి. మొత్తం చేలో అదే అన్నిటికంటే మంచి మేత.

వామికి చోటు, అడుగు

పల్లం పనికిరాదు. వాన పడితే నీళ్ళు ఎటు పోతాయో ఒకసారి చూసిన చోటే వేయండి. కరెంటు తీగల కింద వద్దు. పొయ్యి, పాక, ఇల్లు వీటికి కనీసం యాభై అడుగుల దూరం ఉంచండి, గాలి ఎక్కువగా ఏ దిక్కు నుంచి వస్తుందో చూసుకుని నిప్పురవ్వ వామి వైపు రాని పక్కన వేయండి. ఇంటి వెనక చోటు లేదని పాకకు ఆనించి వేసేవాళ్ళున్నారు. అంటుకుంటే రెండూ పోతాయి, గేదెలను విప్పే వ్యవధి కూడా ఉండదు.

అడుగున తాటి మొద్దులో, ఇటుకలో, రాళ్ళో పేర్చి అడుగున్నర ఎత్తు చేయండి. చెదలున్న నేలలో రాళ్ళే మేలు. మీద కంప, కందికట్టె పరచండి. దాని మీద నాసిరకం వరిగడ్డి మూరెడు మందం వేయండి. అది చెమ్మ పీల్చుకుని పోయేదే, దాన్ని మేత కింద లెక్కేయొద్దు.

వామి వేయడం

వరిగడ్డి ఒక పొర, పిల్లిపెసర ఒక పొర. వరిగడ్డి జానెడున్నర, పిల్లిపెసర జానెడు. పిల్లిపెసరలో ఎక్కడైనా కాస్త తడి మిగిలి ఉంటే వరిగడ్డి పీల్చుకుంటుంది. పిల్లిపెసర వాసన వరిగడ్డికి పట్టి గేదె రెండూ ఇష్టంగా తింటుంది. రాలే ఆకు కూడా కింది పొరలో నిలుస్తుంది. అనుమానం ఉన్న పొర మీద గుప్పిళ్ళతో ఉప్పు చల్లడం పాత అలవాటు, టన్నుకు పది కిలోల లెక్క. మంచిదే. అయితే ఉప్పు ఉంది కదా అని పచ్చిదాన్ని పెట్టేయకండి.

వామి మొత్తం ఒక్క సూత్రం మీద నిలబడుతుంది: ఎప్పుడు చూసినా మధ్య ఎత్తుగా, అంచులు వాలుగా ఉండాలి. తొక్కేవాళ్ళు మధ్యలోనే తొక్కాలి. అంచుల్లో నిలబడి తొక్కితే అంచు దిగి, గడ్డిపోచలు లోపలికి వాలి, వాన నీళ్ళు ఆ పోచల వెంటే నడిమికి చేరతాయి. అంచున వేసే గడ్డిని మొదలు లోపలికి, కొస బయటికి, కిందికి వాలేలా పెట్టాలి. భుజం ఎత్తు దాకా గోడ కొద్దికొద్దిగా బయటికి రావాలి, అప్పుడు పైనుంచి కారిన చుక్క అడుగు మీద పడకుండా నేల మీద పడుతుంది. అక్కడినుంచి లోపలికి తగ్గించుకుంటూ ఇంటి కొప్పు ఆకారంలో ముగించాలి. ఇద్దరు పైన, ఇద్దరు కింద ఉంటే పని సాగుతుంది. పైవాళ్ళలో ఒకరైనా ఇంతకు ముందు వామి వేసినవాళ్ళు ఉండాలి. ఊళ్ళో అలాంటి పెద్దాయన ఉంటే ఈసారి బతిమాలి పిలవండి, పక్కనే నిలబడి నేర్చుకోండి.

మిషన్ గడ్డి ఇక్కడ ఇబ్బంది పెడుతుంది. నలిగి ముక్కలై, అడ్డదిడ్డంగా ఉంటుంది, నీళ్ళు జారవు. లోపలి పొరలకు అది చాలు గానీ, పైకప్పుకు మాత్రం చేత్తో కోసి, కట్ట కొట్టిన నిలువు గడ్డి కావాలి. మీ దగ్గర లేకపోతే చేతికోత రైతు దగ్గర కాసిని కట్టలు కొనండి. దాన్ని కొసలు కిందికి వచ్చేలా చూరు కప్పినట్టు కప్పి, గడ్డి వెంట్లు (తాళ్ళు) పేని అడ్డంగా వేసి, కొసలకు రాళ్ళు కట్టి వేలాడదీయండి. తాటాకు దొరికితే ఇంకా మంచిది.

ప్లాస్టిక్ పట్టాతో నిలువెల్లా చుట్టేయడం మాత్రం నాకు నచ్చదు. పగలు లోపలి తడి ఆవిరై పట్టాకు తగిలి, రాత్రికి నీళ్ళై మళ్ళీ గడ్డి మీదే కారుతుంది. పట్టా వేయాల్సి వస్తే నడికొప్పు మీద మాత్రమే, పక్కలు తెరిచి, పట్టాకు గడ్డికి మధ్య కంప వేసి కప్పండి.

బేలర్ చుట్టిన కట్టలైతే రేకుల షెడ్డు కావాలి. చుట్టించేటప్పుడే గడ్డి పూర్తిగా ఎండి ఉండాలి. బిగించి చుట్టిన కట్టలోంచి తడి బయటికి రాదు. చెక్కల మీద పేర్చండి, గోడకు జానెడు ఎడం ఉంచండి, వరసల మధ్య సందు వదలండి. బయట పెట్టి పైన పట్టా కప్పితే మొదటి వానకే అడుగు వరస పోతుంది.

ఒక మాట వరిగడ్డి గురించి కూడా. ఖరీఫ్ కోతల కాలమే తుపాన్ల కాలం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు పనల మీద ఉన్న వరి ధాన్యంతోపాటు గడ్డి కూడా నానిపోయింది. ధాన్యం గురించి అందరూ పరుగులు పెడతారు, గడ్డి గుర్తొచ్చేది వేసవిలోనే. ఎండిన గడ్డిని ఎంత త్వరగా చేలోనుంచి లేపి తాత్కాలికంగానైనా కుప్ప వేస్తే అంత మంచిది.

మొదటి నెల కాపలా

వేసిన మొదటి వారాల్లో వామి కొంచెం వెచ్చబడడం మామూలే. ఎంత వెచ్చన అన్నదే చూడాలి. పొడవాటి ఇనప కడ్డీని వామి నడిమికి గుచ్చి, పావుగంట ఉంచి, లాగి పట్టుకోండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చేత్తో పట్టుకోలేనంత వేడిగా ఉంటే లోపల 60 డిగ్రీల దగ్గర ఉన్నట్టే, విప్పాల్సిందే. పుల్లటి వాసన, కాలిన బెల్లం వాసన, పొద్దున్నే కొప్పు మీద ఆవిరి కనిపించడం కూడా ఆ గుర్తులే.

విప్పేముందు నీళ్ళు సిద్ధంగా పెట్టుకోండి, నలుగురిని పిలవండి. లోపల రాజుకుంటున్న గడ్డికి ఒక్కసారిగా గాలి తగిలితే మంట లేస్తుంది. అలాంటి వామి మీదికి ఎవరూ ఎక్కకూడదు. లోపల కాలి డొల్లైన చోట మనిషి కూరుకుపోతాడు. పొగ కనిపిస్తే విప్పే ప్రయత్నం మానేసి ముందు 101కి ఫోన్ చేయండి.

తీసి వేయడం

గడ్డిని చుట్టూ పీక్కోవద్దు. ఒక చివరనుంచి, పైనుంచి కింది దాకా నిలువుగా బ్రెడ్డు ముక్క కోసినట్టు తీసుకుంటూ పోవాలి. అన్ని పొరలూ వస్తాయి, వరిగడ్డి పిల్లిపెసర వాటంతట అవే కలుస్తాయి, మిగతా కప్పు చెదరదు. కిందనుంచి పీకితే పైభాగం వేలాడి ఏదో ఒక రోజు కూలుతుంది. పిల్లలు ఆడేది సరిగ్గా అక్కడే. చెయ్యి పెట్టేముందు కర్రతో తట్టండి. ఎలుకలున్న చోటికి పాము వస్తుంది.

తెల్లగా, నల్లగా బూజు పట్టిన గడ్డిని కడిగి వేస్తే సరిపోతుందనుకోవద్దు. బూజు పట్టిన వరిగడ్డి మేసిన గేదెల్లో చెవులు, తోక, కాళ్ళ చివర్లు కుళ్ళిపోయే డెగ్నాలా అనే జబ్బు వస్తుంది. అనుమానం వస్తే ఆ పొరంతా పెంటకు. చాఫ్ కట్టర్ ఉంటే ముక్కలు చేసి వేయండి, గాడిలో వదిలేసేది తగ్గుతుంది. వరిగడ్డిలోని ఆక్సలేట్లు సున్నాన్ని (కాల్షియంను) ఒంటికి పట్టనివ్వవు కాబట్టి ఖనిజ లవణ మిశ్రమం మానొద్దు.

పిల్లిపెసర అయిపోయి ఒట్టి వరిగడ్డే మిగిలితే యూరియాతో మాగబెట్టవచ్చు. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా, యాభై లీటర్ల నీళ్ళు. పొరపొరకూ సమంగా చల్లి, తొక్కి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచాలి. తీశాక ఘాటు పోయేదాకా గంటసేపు ఆరబెట్టి, మొదట కొద్దికొద్దిగా అలవాటు చేయండి. ఆరు నెలల లోపు దూడలకు వద్దు. యూరియా నీళ్ళ బకెట్టు గేదెకు అందేచోట పెట్టారంటే ప్రాణానికే ముప్పు.

మాగాణి లేనివాళ్ళకూ ఆకు రాలకుండా ఎండబెట్టే పద్ధతే వర్తిస్తుంది. రాయలసీమలో వేరుశనగ కట్టెకు ఆకే ప్రాణం, కాయలు కొట్టాక కల్లంలో ఎండలో వదిలేయకండి. తెలంగాణలో జొన్న చొప్పను కట్టలు కట్టి, కంకి వైపు పైకి ఉండేలా ఒకదానికొకటి ఆనించి నిలబెడితే వాన జారిపోతుంది. లేత జొన్నను, కోసిన మోళ్ళ మీద వచ్చే పిలకలను పచ్చిగా మేపితే నాము అనే విషం తగులుతుంది. బాగా ఎండబెడితే ఆ విషం చాలావరకు తగ్గుతుంది.

కిందటేడు గడ్డి మిగిలి ఉంటే కొత్త వామిని దాని మీద వేయకండి. పాతదాన్ని పక్కకు తీసి ముందు వాడేయండి. అడుగున చివికిపోయింది ఉంటే దాన్ని ఎత్తేసి, మొద్దులు ఎండలో ఆరబెట్టి, అప్పుడు కొత్తది మొదలుపెట్టండి.